బాపు కన్ను, లైటు పురుగులు

వరి కోతలు మొదలయ్యే రోజుల్లో మా వాడకట్టులో సాయంత్రం ఆరు కాగానే లైట్లన్నీ బందు చేస్తాం. కరెంటు పోయి కాదు, ఉండగానే. సిద్దిపేట నుంచి నంగునూరు దిక్కు పోయే కొత్తవాళ్లెవరైనా ఆ సమయానికి మా ఊరి ముందునుంచి పోతే, ఇక్కడ మనుషులెవరూ ఉండరనుకుంటారు. ఉంటాం. తలుపులు బిగించుకొని, చీకట్లో, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా కూర్చొని ఉంటాం. కొన్ని కాపురాలకు అది మంచిదే అయింది.

కారణం పురుగులు. లైటు పురుగులంటాం. నువ్వు గింజంత ఉంటాయి, ఆకుపచ్చగా, రెక్కల కొసన నల్లచుక్కతో. ఒక్కదాన్ని పట్టుకొని చూస్తే ముద్దుగానే ఉంటుంది. కానీ ఒక్కటిగా ఎప్పుడూ రాదు. పొద్దు గూకగానే పొలాల్లోంచి పొగలా లేచి, వెలుగు ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. అన్నంలో, చెవిలో, అంగీ లోపల, నవ్వితే నోట్లో. నేను ఎక్కువ నవ్వేవాణ్ణి కాబట్టి వాటి రుచి నాకు తెలిసినంతగా మా ఊర్లో ఇంకెవరికీ తెలియదు. కాలువ నీళ్లు రాకముందు ఇవి ఇంతగా లేవు. అప్పుడు మా దిక్కు మక్కలు, పత్తి. నీళ్లొచ్చాక ఊరికి మూడు దిక్కులా వరే అయింది, వరి వెంట ఇవీ వచ్చాయి. నీళ్ల కోసం మొక్కినప్పుడు ఈ సంగతి దేవునికి విడిగా చెప్పాలని మాకు తోచలేదు.

అన్నాలు ఆరింటికి ముందే అయిపోవాలి. ఆలస్యమైతే చీకట్లోనే తినాలి. ఒకసారి నేను పచ్చిపులుసు అనుకొని ఛాయ్ అన్నంలో కలుపుకున్నానని నా భార్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. ఛాయ్ అనుకొని పచ్చిపులుసు తాగాను.

అందరూ లైట్లు ఆర్పేస్తే పురుగులు మాత్రం ఎక్కడికి పోతాయి? అందుకని వంతులు పెట్టుకున్నాం. రోజుకొక ఇల్లు. వంతు వచ్చినవాళ్లు ఇంటి వెనకో, పెంటకుప్ప దగ్గరో ఒక పెద్ద బల్బు వేలాడదీసి, కింద టబ్బులో నీళ్లు పోసి సర్ఫు కలిపి పెడతారు. పురుగులన్నీ ఆ వెలుగు మీద పడతాయి, నీళ్లలో మునుగుతాయి. గంటా గంటన్నరకు వాటి జోరు తగ్గుతుంది. అప్పుడు వాడకట్టంతా ఒక్కసారే లైట్లు వెలిగి, ఆగిపోయిన సీరియళ్లు మొదలవుతాయి. తెల్లారి టబ్బు కుమ్మరించే పని వంతువాళ్లదే. ఆ వాసన గురించి చెప్పను, మీరు తిని ఉంటారు.

ఆ ఏడు మా ఇంటి వంతు సరిగ్గా బాపు కంటి ఆపరేషను అయిన మరునాడు పడింది.

బాపుకు రెండు కళ్లలోనూ పొర వచ్చింది. రెండేళ్లుగా చేయించుకొమ్మంటే వినలేదు. నాకు అన్నీ కనిపిస్తున్నాయనేవాడు. ఒకనాడు మా వాకిట్లో నిలబడిన బర్రెను చూసి, ఎప్పుడొచ్చినవు బావా, కూసో అన్నాడు. ఆ సంగతి తెలిశాక మా మేనమామ మా ఇంటికి రావడం తగ్గించాడు. బర్రె మాత్రం రోజూ వస్తూనే ఉంది. చివరికి పొలం గట్టు మీద రెండుసార్లు పడిన తర్వాత, కుడి కన్ను ఒక్కటి చేయించుకుంటానని ఒప్పుకున్నాడు. అది మంచిగా అయితేనే రెండోది. కాకపోతే నా జోలికి రావద్దు అన్నాడు.

సిద్దిపేటలో ఒక కంటి దవాఖానలో ఆపరేషను చేశారు. ఆ రాత్రి అవ్వ, అంటే మా అమ్మ, తోడుంది. మరునాడు పొద్దున కట్టు విప్పి, నల్ల కళ్లద్దాలు పెట్టి పంపిస్తామన్నారు. నాకు ఆటో ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి పది పనులు పట్టి వదిలి, చివరికి నిలిచిన పని ఆటో నడపడమే. తండ్రిని ఇంటికి తెచ్చుకోవడానికి ఇంకొకరి బండి అడగాల్సిన పని లేదని ఆ పొద్దున కొంచెం గర్వంగానే ఉన్నాను.

బయలుదేరే ముందు వంతు లైటు సంగతి ఆలోచించాను. మా ఇంటి వెనక వేలాడదీస్తే పురుగులన్నీ మా ఇంటి చుట్టే ఉంటాయి. ఇంట్లో పచ్చి కన్నుతో బాపు. వద్దు. ఎంత దూరం పెడితే అంత మంచిది. టెంటు సామాను కిరాయికిచ్చే దుకాణం నుంచి పెండ్లి పందిట్లో పెట్టే ఫోకస్ లైటు ఒకటి తెచ్చాను. ఊరి మొదట్లో, కాలువ మీది కల్వర్టు పక్కన, బోరు మోటరు గది ఉంది. ఆ గోడకు లైటు బిగించి, కింద రెండు టబ్బులు పెట్టాను. ఆ వెలుగుకు మా పురుగులే కాదు, పక్క ఊరి పురుగులు కూడా చుట్టపుచూపుగా వస్తాయని నా భార్యతో అన్నాను. ఆరు కాగానే స్విచ్ వేసి ఇంటికి వచ్చెయ్యి, ఎవరు చెప్పినా బందు చేయొద్దు, నేను చెప్పినా చేయొద్దు అని కూడా చెప్పాను. ఆ చివరి మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. చెప్పేటప్పుడు బాగా వినిపించింది.

నేను నిచ్చెన దిగుతుంటే ఎదురింటి కాక వచ్చి నిలబడి, రోడ్డు మీద ఎందుకురా అని మొదలుపెట్టాడు. నాకు జవాబులు తొందరగా వస్తాయి. నీ పెండ్లికి ఈ లైటు పెట్టలేదని కడుపు మండుతుందా కాకా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాక నవ్వకుండా చేయి ఊపి వెళ్లిపోయాడు. ఆయన అడగబోయిన ప్రశ్న పూర్తిగా ఏమిటో నాకు సాయంత్రం ఆరున్నరకు తెలిసింది.

దవాఖానలో పొద్దున విప్పాల్సిన కట్టు మధ్యాహ్నం విప్పారు. డాక్టరు ఇంకొక ఆపరేషనులో ఉన్నాడని, చుక్కల మందు రావాలని, చీటీ మీద సంతకం కావాలని చెప్పి, ఐదింటి దాకా కూర్చోబెట్టారు. బాపు కట్టు విప్పిన దగ్గర్నుంచి గోడ మీది గడియారాన్నే చూస్తున్నాడు. టైం ఎంతయిందో మాకు ఐదు నిమిషాలకొకసారి చెప్పాడు. ఆ గడియారం ఆయన నిన్న వచ్చినప్పుడు కూడా అక్కడే ఉంది, కానీ నిన్న అది ఆయనకు గోడే.

నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు మాత్రం నాకు ఒక్కటి కూడా పొల్లు పోకుండా గుర్తున్నాయి. కన్ను నలపొద్దు, ఒత్తొద్దు, నీళ్లు తగలొద్దు, దుమ్ము పడొద్దు, దూది పెట్టి గట్టిగా కట్టొద్దు.

"గాయం పచ్చిగనే ఉన్నదన్నా. ఏమన్న పడి, ఈయన చెయ్యిపెట్టి నలిపిండనుకో, చీము పడ్తది. చీము పట్టిన కన్ను మళ్ల రాదు. గప్పుడు మా దగ్గరికి తెచ్చి ఏడిస్తె మేం జేసేది కూడ ఏం లేదు."

నేను జోకు వేయబోయి ఊరుకున్నాను. రెండో కన్ను పొరతో మూసుకునే ఉంది. ఇది పోతే బాపు ఆ కన్ను జన్మలో ఎవరి చేతికీ ఇవ్వడు. అంటే రెండూ పోయినట్టే.

ఐదుంబావుకు బయలుదేరాం. వెనక సీట్లో బాపు, పక్కన అవ్వ, కాళ్ల దగ్గర దవాఖాన సామాను: బొంత, టిఫిను డబ్బా, స్నానానికని తీసుకుపోయిన ఎర్ర ప్లాస్టిక్ బకెట్, మగ్గు. మా ఊరికి ముప్పావుగంట. సరిగ్గా ఆరింటికి ఇంట్లో ఉండొచ్చని లెక్క. కానీ పెద్దరోడ్డు దిగి మా ఊరి రోడ్డు పట్టగానే సగం రోడ్డు మీద వడ్లు. ఆరబోసి, అంచులకు రాళ్లు పెట్టారు. ఆ వేళకు వడ్లన్నీ కుప్ప చేసి పట్టాలు కప్పుతున్నారు. ట్రాక్టర్లు అడ్డం ఉన్నాయి. కుదుపు ఉండొద్దన్నారు కదా, నేను ఎద్దుబండి నడిపినట్టు నడిపాను. మామూలుగా నేను నడిపితే ఎక్కినవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారు. ఆ రోజు బాపు, నడిచి పోదామా అన్నాడు.

ఆరున్నరకు మా ఊరికి కిలోమీటరు దూరంలో ఉన్నాం. రెండు పక్కలా వరి. ఒక పక్క కోసిన మడి, ఒక పక్క కోయాల్సిన మడి. ముందు అద్దం మీద చినుకులు పడ్డట్టు చప్పుడు మొదలైంది. చినుకులు కావు. హెడ్‌లైటు వెలుగులో సన్నటి పచ్చటి తెర ఒకటి మా మీదికి వస్తూ కనిపించింది. అద్దం ఒక్క నిమిషంలో మసకబారింది. వైపరు వేయకూడదు, వేస్తే గోంగూర నూరి పూసినట్టవుతుంది. ఆటో ఆపి, లైటు ఆర్పి, పొడి కాగితంతో తుడిచాను. వెనక ఒక పక్క రెగ్జిన్ పరదా దించాను. రెండో పక్క పరదా వానలకు చినిగితే కుట్టించాలనుకుంటూ ఉన్నాను. అక్కడ అవ్వ తన కొంగు పట్టుకొని నిలబెట్టింది.

వెనక్కి పోదామంటే వచ్చిన దారంతా ఇవే పొలాలు. ఆగుదామంటే ఇక్కడ గంటన్నర కూర్చోవాలి, ఒక పక్క పరదా లేని ఆటోలో. ముందుకు పోతే పది నిమిషాల్లో ఇల్లు. ఇంట్లో తలుపులు బిగించి ఉంటాయి. ముందుకే పోదామనుకున్నాను.

అప్పుడు బాపు వెనకనుంచి నా భుజం తట్టాడు. దూరంగా ఊరి దిక్కు చూపించాడు. ఆయన కొత్త కన్నుతో దూరాన చూసిన మొదటి వస్తువు నేను బిగించిన లైటు.

"ఎంత మంచిగ కనవడుతుందిరా," అన్నాడు. కాసేపు అట్లాగే చూసి మళ్లీ అన్నాడు: "గని గా లైటు పెట్టినోడు ఎవడో బుర్రలేనోడు. రోడ్డు మీద వెట్టిండు. పురుగులన్ని ఊరి మూతికే వచ్చినయి సూడు."

అవ్వ దగ్గింది. పొద్దున దవాఖానలో ఆమెకు నేనే గొప్పగా చెప్పుకున్నాను, లైటు ఊరి బయట పెట్టానని. నేను అద్దం తుడుస్తూనే ఉన్నాను. తుడవడానికి ఏమీ మిగలకపోయినా తుడిచాను.

దగ్గరికి పోయేకొద్దీ తెలిసింది. ఫోకస్ లైటు చుట్టూ ఇంటి ఎత్తున ఒక గోళం తిరుగుతోంది. వెలుగు దాని లోపలెక్కడో ఉంది. కల్వర్టు కనబడదు, మోటరు గది కనబడదు. ఆ గోళంలోంచి తప్ప ఊర్లోకి దారి లేదు. కాలువ కట్ట మీదనుంచి ఇంకో బాట ఉంది గానీ, అందులో గుంతలకు మంచివాళ్ల కళ్లే ఊడిపోతాయి. బాపు కోసం పురుగులను ఇంటికి దూరం పెట్టాను, సరే. బాపు ఇంటికి ఎట్లా వస్తాడన్నది నా తెలివిలో చోటు చేసుకోలేదు. కాక అడగబోయింది అదే.

నా భార్యకు ఫోను చేశాను. లైటు బందు చెయ్యమన్నాను.

"నువ్వు జెప్పినా జేయొద్దన్నవ్ గద," అంది.

నేను తిట్టుకున్నాను, ఆమెను కాదు. ఆమె మెల్లగా అసలు సంగతి చెప్పింది. స్విచ్ ఆ లైటు కిందనే ఉంది, అక్కడికి పోవాలంటే ఆ మందలోకే పోవాలి. పోయి బందు చేసినా అవన్నీ లేచి ఇండ్ల మీదికి వస్తాయి, లేదంటే వస్తున్న ఆటో లైటు మీదికి వస్తాయి. "మామ కన్ను మూసి తీస్కరా. నేను లోపటి అర్ర తలుపుకాడ నిలవడ్త," అని ఫోను పెట్టేసింది.

కన్ను మూయడం అంత సులువా? నల్లద్దాలకు పక్కలన్నీ ఖాళీలే. తువ్వాల చుడితే ఒత్తుతుంది. బొంత కప్పితే ఊపిరాడదు, పైగా ముక్కు మీద కన్ను మీద రాసుకుంటుంది. కళ్లు గట్టిగా మూసుకొమ్మంటే, కొత్తగా కోసిన కన్ను మీద ఒత్తిడి పడుతుంది. నేను ఆటోలో ఏముందో ఒక్కొక్కటీ తడిమాను. చేతికి బకెట్ తగిలింది.

బకెట్ బోర్లిస్తే అంచు భుజాల దాకా వస్తుంది. కన్నుకు జానెడు దూరంలో ఏదీ తగలదు. మెడ చుట్టూ తువ్వాల వదులుగా చుడితే కిందనుంచి పురుగు రాదు, గాలి వస్తుంది. చెప్పాను. బాపు నన్ను ఆ కొత్త కన్నుతో పైనుంచి కిందికి చూశాడు. కులం పంచాయతీల్లో ఇన్నేళ్లు నలుగురికీ చెప్పిన మనిషి.

"ఊర్లకు బకెట్ బోర్లిచ్చుకొని రావాల్నా? నేనేమన్న కోళ్లు ఎత్కపోయిన్నా?"

"బకెట్ల ఉన్నది నువ్వని ఎవ్వలకెర్క?" అంది అవ్వ. "నోరు మూస్కొని కూసుంటె ఎవ్వలకు తెల్వది."

నేను ఇంకేదన్నా అని ఉంటే ఆయన దిగిపోయేవాడు. నాకు నాలుగైదు మాటలు నాలుక చివరకొచ్చాయి కూడా. మింగేశాను. అవ్వ బకెట్ ఎత్తి ఆయన తల మీద బోర్లించింది. తువ్వాల చుట్టింది. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకొని గట్టిగా పట్టుకుంది. నలపకుండా ఉండాలంటే చేతులు దొరక్కుండా ఉండాలి కదా.

కల్వర్టుకు వంద అడుగుల ముందు ఇంకొకటి ఎదురైంది. వరికోత మిషను. పక్క మడిలోంచి రోడ్డెక్కి మా ఎదురుగా వస్తోంది, నెత్తి మీద ఆరు లైట్లు, ఆరు లైట్ల చుట్టూ ఆరు మందలు. రోడ్డు దానికే చాలదు. నేను ఆటోను పూర్తిగా అంచుకు దించి, దిగి, రెండు చేతులూ ఊపుకుంటూ దానికి ఎదురు పోయాను. నోరు తెరిస్తే లోపలికి పోతున్నాయి. ఉమ్ముకుంటూ, చేతులతోనే సైగ చేశాను, లైట్లు ఆర్పమని. డ్రైవరు ఇంజను ఆపకుండా వంగి, లైట్లు లేకుంటే కాలువలో పడతానన్నాడు. నేను ఆటో వైపు చూపించాను. లోపల ఒక ముసలమ్మ, పక్కన మనిషి ఒంటికి బకెట్ తల. డ్రైవరు ఇంకా వంగి చూశాడు.

కన్ను ఆపరేషనన్నా, నిన్ననే అయింది, అన్నాను. అతను మాకు దారి ఇచ్చాడు. మిషనును మళ్లీ మడి దిక్కు దించి ఆపి, ఆరు లైట్లూ ఆర్పాడు. అతని పురుగులన్నీ కాసేపు గాలిలో తారాడి, నా ఫోకస్ లైటు దిక్కు పోయాయి. అంటే మేం పోవాల్సిన దిక్కే.

నేను కూడా హెడ్‌లైటు ఆర్పాను. అద్దంలోంచి ఏమీ కనబడటం లేదు కాబట్టి తల బయట పెట్టి నడిపాను. కల్వర్టు దగ్గరికి రాగానే మొహం మీద ఎవరో పిడికిళ్లతో రవ్వ చల్లినట్టయింది. ఎడమ కంట్లో ఒకటి పడింది, మూశాను. కుడి కన్ను సగం తెరిచి, రోడ్డు అంచు తెల్లగీత ఎక్కడుందో చూస్తున్నాను. గీత లేదు. గీత మీద పురుగులు పరుచుకొని ఉన్నాయి.

అప్పుడు బకెట్‌లోంచి బాపు గొంతు వచ్చింది. బావిలోంచి వచ్చినట్టు.

"లోపటొకటి ఉన్నదిరా."

ఆపితే ఇంకా వంద వస్తాయి. ఆపకపోతే ఆ ఒక్కటి.

"చెయ్యి ఇడువు," అన్నాడు బాపు అవ్వతో. ఆమె విడువలేదు. విడిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తాను తువ్వాల కిందనుంచి చెయ్యి పెట్టి తీస్తానంది. చీకట్ల వేలు కంట్లనే పెడ్తవు, వద్దన్నాడు. ఇక ఆయన కదలకుండా కూర్చొని, ఆ పురుగు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టాడు. గడ్డం మీదుంది. మీసం ఎక్కింది. మధ్యమధ్య కింది పెదవి ముందుకు చాచి ఉఫ్ ఉఫ్ అని పైకి ఊదుతున్నాడు. ముక్కు పక్కకొచ్చింది. ఆగింది. మళ్ల నడుస్తుంది.

సరిగ్గా కల్వర్టు మీద ముందు చక్రం జారింది. చచ్చిన పురుగులు అంగుళం మందాన పేరుకొని, నూనె పోసినట్టున్నాయి. ఆటో మూతి మెల్లగా కాలువ దిక్కు తిరిగింది. కల్వర్టుకు ఆ పక్క గోడ లేదు. బ్రేకు కొడితే పూర్తిగా జారుతుంది. బ్రేకు మీదనుంచి కాలు తీసి, హ్యాండిల్ వదులుగా పట్టుకున్నాను. నీళ్ల చప్పుడు నా మోకాలి కిందనే వినిపించింది. వెనక చక్రాలు ఎక్కడో రాయిని పట్టుకున్నాయి. మూతి నిలబడింది. మెల్లగా రోడ్డు మీదికి తిప్పాను.

"కండ్లద్దాల మీదికెక్కింది," అన్నాడు బాపు. ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఆయనకున్న లోకం అప్పుడు ఒక బకెట్.

తర్వాత ఆయన మాట ఆగిపోయింది. దానికే నాకు ఎక్కువ భయమేసింది. పురుగు ఎటు పోయింది బాపూ అని రెండుసార్లు అడిగాను. మూడోసారి అన్నాడు, "తెల్వదు. కన్ను మండుతుంది."

వాడకట్టులోకి తిరిగేసరికి చీకటి. ఒక్క లైటు లేదు, ఒక్క పురుగు లేదు. పొద్దున నేను వేసిన లెక్క అక్కడివరకు మాత్రం కరెక్టే. అవ్వ, నేను చెరో పక్క పట్టుకొని, బకెట్ తీయకుండానే బాపును వాకిట్లోంచి నడిపించాం. నా భార్య లోపలి గది తలుపు మూసి, కింద సందులో చీర కుక్కింది. అప్పుడు ఫోను లైటు వేసింది. ఆ వెలుగులో మా నలుగురి మొహాలూ ఒకరికొకరం చూసుకున్నాం. మూడు మొహాలు, ఒక బకెట్. ఎవరికీ నవ్వు రాలేదు, నాక్కూడా.

ఆమె రెండు చేతులతో బకెట్ నిలువుగా పైకెత్తింది. కుడి అద్దం లోపలి పక్కన, కంటికి వేలెడు దూరం కూడా లేకుండా, ఆ పురుగు కూర్చొని ఉంది. బాపు రెప్ప వేస్తే వెంట్రుకలు తగిలేటట్టు. నా భార్య అద్దాల రెండు కాడలూ పట్టుకొని, పక్కకు కాదు, నేరుగా ముందుకు లాగింది. పురుగు అద్దంతోపాటే వచ్చింది. అవ్వ దాన్ని బొటనవేలితో అద్దం మీదనే నలిపేసింది. అప్పటిదాకా ఒళ్లో పట్టుకున్న చేతుల కసి అంతా ఆ వేలిలో ఉంది.

కానీ కన్ను ఎర్రగా ఉంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. లోపల ఇంకేదన్నా పడిందా, మందు టైము దాటినందుకా, మాకెలా తెలుస్తుంది? చుక్కలు వేశాం. దవాఖానకు ఫోను చేస్తే, నలపకుండా చూసుకొని పొద్దున్నే తీసుకురమ్మన్నారు. బాపు గోడకు ఒరిగి, చేతులు తన తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే. ఆయన్ని అట్లా చూసి ఉండలేకపోయాను.

"బాపూ, గా లైటు పెట్టింది నేనే," అన్నాను.

"ఎర్కే," అన్నాడు. "అంత తెలివి ఊర్లె ఇంకెవ్వనికున్నది?"

బయట ఒక్కొక్క ఇంట్లో లైట్లు వెలగడం కిటికీ సందులోంచి కనిపించింది. టీవీలు మొదలయ్యాయి. బాపు కన్ను మూసుకొని మంచం మీద పడుకున్నాడు. నేను ఆయన మంచం పక్కన కింద కూర్చున్నాను. నిద్రలో చెయ్యి కంటి దిక్కు పోతే పట్టుకోవాలని. రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పట్టుకున్నాను. రెండోసారి ఆయన మేలుకునే ఉన్నాడని తెలిసింది, ఎందుకంటే నా చెయ్యి వదల్లేదు.

తెల్లారి వెలుగొచ్చాక, పురుగు ఒక్కటి లేని రోడ్డు మీద, సిద్దిపేట పోయాం. డాక్టరు బాపు గడ్డాన్ని మిషను మీద ఆనించి, సన్నని వెలుగు కంట్లో వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహాన్ని చూశాను, అక్కడ ఏమీ రాసి లేదు. కింది రెప్పను వంచి, దేంతోనో ఒకటి తీసి, తెల్లటి దూది మీద పెట్టి మాకు చూపించాడు. ఒక రెక్క. సగం రెక్క. మందు నీళ్లతో కడిగాడు. నలపలేదు కాబట్టి గాయానికి ఏం కాలేదని, నలిపి ఉంటే ఈ రెక్కే లోపల గీరేదని చెప్పాడు. ఎవరు ఆపారని అడిగాడు. అవ్వ తన చేతులు చూసుకుంది.

తర్వాత బాపును ఎదురుగా గోడమీది అక్షరాలు చదవమన్నాడు. బాపుకు చదువు రాదు. అందుకని డాక్టరు వేళ్లు చూపించాడు. బాపు వేళ్లు చెప్పి, డాక్టరు వేలి ఉంగరంలో రాయి ఏ రంగుదో కూడా చెప్పాడు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను.

రెండో కన్ను నెల రోజులకు చేద్దామన్నాడు డాక్టరు. చీటీ మీద తారీకు రాయబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎండకాలం జెయిన్రి సార్. గప్పుడు వరి ఉండది, పురుగులుండయి." ఆగి, నా దిక్కు చూడకుండా అన్నాడు: "అచ్చేటప్పుడు బస్సుల అస్త. బస్సుకు అద్దాలుంటయి."

డాక్టరుకు అర్థం కాలేదు. చీటీ మీద ఎండకాలం అనే రాశాడు.